తిరుపతిలో చిన్న వ్యాపారానికి వెబ్‌సైటు పెడుతున్నారా? హోస్టింగ్, సర్వర్ సాఫ్ట్‌వేర్ ఇలా ఎంచుకోండి

హోస్టింగ్ అంటే మీ సైటు ఫైళ్ళను ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్ (సర్వర్) మీద అద్దెకు ఉంచడం. ఆ కంపెనీ పేజీ తెరిచారంటే ముందు కనపడేవి జీబీలు, అన్‌లిమిటెడ్‌లు, నెలకు వంద లోపే అన్న పెద్ద పెద్ద అంకెలు. వాటిని కాసేపు పక్కన పెట్టండి. మీది భవానీ నగర్‌లో లాడ్జి కావచ్చు, రేణిగుంట రోడ్డులో ట్రావెల్స్ కావచ్చు, శ్రీకాళహస్తిలో కలంకారీ, మాధవమాలలో కొయ్య బొమ్మలు, చిత్తూరు పక్కన మామిడి గుజ్జు, ఏదైనా కావచ్చు. ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: శనివారం రాత్రి పదకొండింటికి సైటు పడిపోతే దాన్ని లేపేది ఎవరు? ఆ ప్రశ్నకు జవాబుగా మీ దగ్గర ఒక మనిషి పేరు, ఫోన్ నంబరు ఉన్నాయా లేదా?

దీన్నే ముందు ఎందుకు అడగమంటున్నానంటే, హోస్టింగ్ రకాల మధ్య అసలు తేడా స్పీడులో కన్నా, పని ఎవరి నెత్తిన పడుతుందన్న దాంట్లోనే ఉంది. జవాబు "ఎవరూ లేరు" అయితే కంపెనీయే అంతా చూసుకునే షేర్డ్ ప్లానో మేనేజ్డ్ ప్లానో తీసుకోవాలి, కాస్త ఖర్చు ఎక్కువైనా సరే. నెలకింత అని మాట్లాడుకున్న డెవలపర్ ఉంటే, అన్నీ మీరే చూసుకోవాల్సిన వీపీఎస్ దాకా వెళ్ళొచ్చు. "మా అన్న కొడుకు బీటెక్ చేస్తున్నాడు, వాడు చూసుకుంటాడులే" అనేది మాత్రం జవాబు కిందికి రాదు. వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చిన రోజు మీ సర్వర్‌ను పట్టించుకునే దిక్కుండదు.

ముందు ఒక కాగితం తీసుకోండి

సైటు ఏం చేయాలో రాయండి. అడ్రసు, ఫోటోలు, ఫోన్ నంబరు, వాట్సాప్ బటన్, గూగుల్ మ్యాప్, ఇంతే అయితే మీకు డేటాబేస్ (సమాచారం దాచే చోటు) అక్కర్లేదు, పీహెచ్‌పీ (పేజీని అప్పటికప్పుడు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష) అక్కర్లేదు, అంటే హ్యాక్ చేయడానికి కూడా అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. అలాంటి స్టాటిక్ పేజీలను క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటి చోట ఉచితంగానే పెట్టుకోవచ్చు. గిట్‌హబ్ పేజెస్ కూడా ఉచితమే, కానీ ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి అది కాదని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది, అమ్మకాలు జరిగే సైటుకు దాని జోలికి పోవద్దు. నన్నడిగితే పది రూముల లాడ్జికీ, నాలుగు కార్లు తిప్పే ట్రావెల్స్‌కూ స్టాటిక్ పేజీ చాలు. చిక్కల్లా ఏమిటంటే, రేటు మార్చాలన్నా ఎవరో ఒకరు ఫైలు తెరిచి మార్చాలి. రూము రేట్లు వారానికోసారి మార్చేవాళ్ళు, కొత్త చీరల ఫోటోలు రోజూ ఎక్కించేవాళ్ళు తమ ఫోన్‌లోంచే మార్చుకోగలిగేలా వర్డ్‌ప్రెస్ లాంటిది పెట్టుకోవాలి. ఇక సైటులోనే డబ్బు తీసుకుని సరుకు పంపాలంటే వూకామర్స్ లాంటిది కావాలి, సర్వర్ మీద నిజమైన బరువు పడేది అక్కడి నుంచే.

అదే కాగితం మీద మీకు రద్దీ ఎప్పుడో కూడా రాయండి. తిరుపతి వ్యాపారం ఏడాది పొడుగునా ఒకే తీరుగా నడిచేది కాదు కదా. బ్రహ్మోత్సవాలు, అందులోనూ గరుడ సేవకు ముందు రోజులు. వైకుంఠ ఏకాదశి, 2020 నుంచి వైకుంఠ ద్వారం పది రోజులు తెరిచి ఉంచుతున్నారు కాబట్టి ఆ పది రోజులూ. వేసవి సెలవులు. మూడు వందల రూపాయల దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో వదిలే రోజు కూడా రాసుకోండి, ఎందుకంటే టికెట్ చేతికి వచ్చిన మనిషి ఆ తర్వాత వెతికేది రూము, కారు. మామిడి గుజ్జు వాళ్ళకైతే మే నుంచి జూలై. మామూలు రోజుల్లో సైటు చూసేవాళ్ళు పదిమందే కావచ్చు, కానీ ప్లాన్ ఎంచుకోవాల్సింది ఈ రోజుల్ని దృష్టిలో పెట్టుకుని, సర్వర్ మార్చే పనులు పెట్టుకోకూడనిది కూడా ఈ రోజుల్లోనే.

డొమైన్ మీ పేరు మీదే ఉండాలి

డొమైన్ అంటే మీ సైటు పేరు, బ్రౌజర్‌లో కొట్టే అడ్రసు. సైటు చేసిచ్చే కుర్రాడు "డొమైన్ కూడా నేనే తీసుకుంటాలే అన్నా, మీకెందుకు టెన్షన్" అంటాడు. మంచితనంతోనే అంటాడు, అయినా ఒప్పుకోవద్దు. సైటు చేసిన ఆఫీసు మూసేశారు, ఫోన్ పనిచేయదు, డొమైన్ మాత్రం ఆ ఆఫీసు మెయిల్ మీద ఉంది, ఇలా ఇరుక్కుని వచ్చే షాపుల వాళ్ళను చూస్తూనే ఉంటాను. అప్పుడు చేయగలిగింది చాలా తక్కువ. హోస్టింగ్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, పదేళ్ళుగా బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద, బిల్లు పుస్తకం మీద వేసుకున్న పేరు పోతే ఏం చేస్తారు?

కాబట్టి రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) దగ్గర ఖాతా మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో మీరే తెరవండి, కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని అయినా సరే. యజమాని పేరు దగ్గర మీ పేరో మీ సంస్థ పేరో ఉండాలి. ఆ మెయిల్ ఐడీకి రెండంచెల లాగిన్ పెట్టండి, డొమైన్ తాళం అదే కాబట్టి. డాట్ ఇన్ తీసుకోవాలా డాట్ కామ్ తీసుకోవాలా అని చాలామంది తెగ ఆలోచిస్తారు. డాట్ ఇన్‌ను నడిపేది మన దేశంలోని నిక్సీ, మీ గిరాకీ అంతా ఇక్కడిదే అయితే అది బాగానే ఉంటుంది, రెండూ దొరికితే రెండూ తీసుకుని ఒకదాన్ని ఇంకోదానికి మళ్ళించండి. కొన్న కొత్తలో డాట్ కామ్‌ను వేరే కంపెనీకి మార్చడం కుదరదు, మామూలుగా 60 రోజులు ఆగాలి. గడువు దాటిపోయిన డొమైన్‌ను కొన్నాళ్ళు మామూలు ధరకే తిరిగి తీసుకోవచ్చు, ఆ తర్వాత వచ్చే 30 రోజుల రిడెంప్షన్ దశలో పడిందంటే మాత్రం బాగా వదులుతుంది.

ఆటో రెన్యువల్ పెట్టాం కదా అని నిద్రపోవద్దు. 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల వల్ల కార్డుల మీద ఆటోమేటిక్ చెల్లింపులకు ముందుగా ఈ-మాండేట్ (మీరిచ్చే అనుమతి) ఉండాలి, 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. విదేశీ కంపెనీలు కొన్నింటి దగ్గర మన కార్డుతో ఆటో డెబిట్ సరిగ్గా జరగదు, వచ్చిన మెయిల్ ప్రమోషన్ల మెయిళ్ళ మధ్య కొట్టుకుపోతుంది. డొమైన్‌ను ఒకేసారి మూడేళ్ళకో అయిదేళ్ళకో కట్టేసి, గడువు తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోవడం దీనికి తేలికైన మందు.

పేరు గురించి ఒక మాట. లాడ్జి, ట్రావెల్స్ వాళ్ళు డొమైన్‌లో టీటీడీ, దర్శనం టికెట్లు, దేవస్థానం లాంటి మాటలు పెడితే సెర్చ్‌లో ముందుకొస్తామని అనుకుంటారు. నకిలీ వెబ్‌సైట్ల మీద టీటీడీ ఫిర్యాదులు చేసి కేసులు పెట్టించిన సందర్భాలు ఉన్నాయి. మీరు నిజాయితీగా నడిపేవాళ్ళే అయినా ఆ లిస్టులో పడే పేరు ఎందుకు?

ఇక హోస్టింగ్ రకాలు

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద వందల సైట్లు ఉంటాయి, అప్‌డేట్లన్నీ కంపెనీ చూసుకుంటుంది, మీకు ఒక ప్యానెల్ ఇస్తారు. చాలా చిన్న వ్యాపారాలకు ఇది సరిపోతుంది, దీన్ని తక్కువగా చూడాల్సిన పనిలేదు. కాకపోతే "అన్‌లిమిటెడ్" అన్న మాట కింద సన్న అక్షరాల్లో మూడు పరిమితులు ఉంటాయి, కొనేముందు వాటినే వెతకండి. ఒకటి ఐనోడ్లు, అంటే ఎన్ని ఫైళ్ళు పెట్టుకోవచ్చన్న లెక్క. వర్డ్‌ప్రెస్‌లో మీరు ఒక్క చీర ఫోటో ఎక్కిస్తే అది దాన్ని చిన్నవి, పెద్దవి, రకరకాల సైజుల్లో అయిదారు ఫైళ్ళు చేసి పెట్టుకుంటుంది, అయిదు వందల చీరలంటే ఎన్ని ఫైళ్ళో చూసుకోండి, జాగా ఇంకా బోలెడు ఉండగానే ఫైళ్ళ కోటా అయిపోతుంది. రెండోది ఒకేసారి నడిచే ప్రాసెస్‌ల సంఖ్య, దీన్ని ఎంట్రీ ప్రాసెస్ అని రాస్తారు. రద్దీ రోజున ఇది దాటితే వచ్చినవాళ్ళకు 508 అనే ఎర్రర్ కనపడుతుంది. మూడోది ర్యామ్, సీపీయూ. ఈ మూడూ ఎక్కడా రాయని కంపెనీ దగ్గర కొనొద్దు.

వీపీఎస్ అంటే ఒక పెద్ద సర్వర్‌లో మీకంటూ కోసిచ్చిన భాగం, అందులో రూట్ అధికారం, అంటే ఏదైనా మార్చే పూర్తి హక్కు, మీదే. అన్‌మేనేజ్డ్ అని రాసి ఉంటే కంపెనీ ఇచ్చేది కరెంటు, నెట్‌వర్కు, ఖాళీ లైనక్స్ మాత్రమే. మిగతాదంతా, ఫైర్‌వాల్ నుంచి అప్‌డేట్ల దాకా, మీ పని. ధర చూస్తే షేర్డ్ ప్లాన్‌కు దగ్గరగానే ఉంటుంది కాబట్టి టెంప్ట్ అవుతారు, కానీ అక్కడ మిగిలిన డబ్బు మనిషికి ఇవ్వాల్సిందే. మొదటి పేరాలో అడిగిన ప్రశ్నకు జవాబు లేనివాళ్ళు వీపీఎస్ తీసుకుంటే, ఆరు నెలలకు ఆ సర్వర్ ఎవరికో స్పామ్ మెయిళ్ళు పంపుతూ ఉంటుంది. పైగా 2022 ఏప్రిల్‌లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లోపు వాళ్ళకు తెలియజేయాలి, లాగ్‌లు (సర్వర్‌లో జరిగినవాటి రికార్డులు) 180 రోజులు దాచాలి, కంపెనీలకు కూడా ఇది వర్తిస్తుంది. మీరు వీపీఎస్ కొనేటప్పుడు పేరు, అడ్రసు, గుర్తింపు వివరాలు గట్టిగా అడగడానికి కారణం కూడా ఆ ఆదేశాలే, కంగారు పడొద్దు.

ఏడబ్ల్యూఎస్, గూగుల్ క్లౌడ్, అజూర్ గురించి అడుగుతారు. వాడిన దానికి బిల్లు అన్న పద్ధతి పెద్ద కంపెనీలకు బాగుంటుంది. నెలాఖరుకు ఎంత వస్తుందో తెలియని బిల్లు చిన్న దుకాణానికి అక్కర్లేని తలనొప్పి. అక్కడే ఉండాలని ఉంటే ఏడబ్ల్యూఎస్ లైట్‌సెయిల్ లాంటి నెలసరి స్థిర ధర ప్లాన్లు చూడండి.

సర్వర్ ఎక్కడుంది?

ప్లాన్ కొనేటప్పుడు డేటా సెంటర్ ఎంచుకోమని అడుగుతుంది, చాలామంది చూడకుండా నెక్స్ట్ కొట్టేస్తారు, అది అమెరికాలో పడుతుంది. తిరుపతి నుంచి అమెరికా సర్వర్‌కు ఒక్కసారి వెళ్ళి రావడానికే రెండు వందల మిల్లీ సెకన్లు దాటుతుంది, ఒక పేజీ తెరవడానికి అలా చాలాసార్లు వెళ్ళి రావాలి. మీ గిరాకీ ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర భక్తులైతే సర్వర్ మన దేశంలోనే ఉండాలి. ముంబయిలో దాదాపు అందరికీ ఉంది, ఏడబ్ల్యూఎస్ 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాద్‌లో మొదలుపెట్టింది, డిజిటల్ ఓషన్‌కు బెంగళూరులో ఉంది, లినోడ్‌కు ముంబయి, చెన్నై రెండుచోట్లా ఉన్నాయి. చెన్నై మనకు మూడు గంటల ప్రయాణమే కదా అని చెన్నై కోసమే పట్టుబట్టకండి, నెట్‌వర్క్ దారులు హైవేను పట్టుకుని పోవు, దేశం లోపల ఎక్కడున్నా తేడా మీ గిరాకీ కంటికి ఆనదు. యూరప్‌లోనో గల్ఫ్‌లోనో కొనేవాళ్ళున్న మామిడి గుజ్జు కంపెనీలు సర్వర్ ఇక్కడే పెట్టుకుని ముందు ఒక సీడీఎన్ (సైటు కాపీలను దేశదేశాల్లో ఉంచి దగ్గర్నుంచి అందించే సర్వీసు) పెడితే చాలు, క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్‌తోనే పని జరుగుతుంది.

ధర చదవడం ఒక పని

నెలకు ఇంత అని పెద్దగా వేసిన ధర, నాలుగేళ్ళకు ఒకేసారి కడితే వచ్చే ధర. కార్ట్‌లోకి వెళ్ళి ఏడాదికి మార్చి చూడండి, అంకె మారిపోతుంది. దాని కింద రెన్యువల్ ధర ఉంటుంది, అది మొదటి ధరకు రెండింతలో మూడింతలో ఉండటం ఈ వ్యాపారంలో మామూలే, మీరు లెక్క వేసుకోవాల్సింది దాంతోనే. 18 శాతం జీఎస్టీ ఆ తర్వాత కలుస్తుంది. మీకు జీఎస్టీ నంబరు ఉంటే బిల్లింగ్ వివరాల్లో తప్పకుండా వేయండి, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు. సైట్ సెక్యూరిటీ, ఎస్‌ఈఓ టూల్, ఏదో ప్రీమియం సపోర్ట్ అని ముందే టిక్కులు పెట్టి ఉంటాయి, అవన్నీ తీసేయండి. తెలియని కంపెనీకి నాలుగేళ్ళ డబ్బు ముందే కట్టొద్దు, మొదట ఏడాదికే తీసుకోండి, ఒక బ్రహ్మోత్సవం దాటాక ఆలోచించుకోవచ్చు.

డబ్బు కట్టేముందు ఆదివారం రాత్రి వాళ్ళ సపోర్ట్ చాట్ తెరిచి ఒక ప్రశ్న అడగండి: "మీ బ్యాకప్‌లోంచి ఒక్క ఫోల్డర్‌ను నేనే వెనక్కి తెచ్చుకోవచ్చా? దానికి డబ్బు తీసుకుంటారా?" జవాబు ఎంతసేపటికి వచ్చింది, సూటిగా వచ్చిందా లేక ఏదో ఆర్టికల్ లింకు పడేశారా చూడండి. వాళ్ళ సైటులో ఉన్న అయిదు నక్షత్రాల రివ్యూలన్నిటికన్నా ఇదే నమ్మదగ్గ పరీక్ష. 99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ అంటారు కదా, ఆ లెక్కన నెలకు 43 నిమిషాలు సైటు పడుకున్నా వాళ్ళు మాట తప్పనట్టే, తప్పినా ఇచ్చేది మీ ప్లాన్ డబ్బులో కొంత క్రెడిట్ మాత్రమే, పోయిన బుకింగులు కాదు.

సర్వర్ సాఫ్ట్‌వేర్

షేర్డ్‌లో ఇది, అంటే సర్వర్ మీద మీ పేజీలను అందించే సాఫ్ట్‌వేర్, మీ చేతిలో ఉండదు, కానీ ఏం వాడుతున్నారో అడగొచ్చు. వర్డ్‌ప్రెస్ పెట్టేవాళ్ళు లైట్‌స్పీడ్ ఉన్న ప్లాన్ తీసుకోండి, దాని క్యాష్ (ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ ఇచ్చే) ప్లగిన్ సర్వర్‌తో నేరుగా కలిసి పనిచేస్తుంది, అదే ప్లాన్ మీద రద్దీ తట్టుకునే శక్తి బాగా పెరుగుతుంది. అపాచీ అయినా తప్పేం లేదు, 1995 నుంచి ఉంది, దాని గురించి తెలియనివాడు ఈ ఫీల్డులో ఉండడు. విండోస్ హోస్టింగ్ అనేది మీ డెవలపర్ డాట్ నెట్‌లో రాస్తే తప్ప అడగొద్దు.

వీపీఎస్ తీసుకున్నవాళ్ళకు మాత్రం ప్రతిదీ తేల్చుకోవాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఉబుంటు ఎల్‌టీఎస్ లేదా డెబియన్. ఉబుంటు 24.04కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి, అంటే అప్పటిదాకా కదిలించే పనిలేదు. ఎవరైనా సెంట్‌ఓఎస్ 7 ఉన్న ఇమేజ్ ఇస్తామంటే వద్దనండి, 2024 జూన్ 30తో దాని కథ అయిపోయింది, ఆ కుటుంబమే కావాలంటే ఆల్మాలైనక్సో రాకీ లైనక్సో ఉన్నాయి. వెబ్ సర్వర్‌గా ఎన్‌జింక్స్ తేలికగా నడుస్తుంది, కాకపోతే అపాచీ చదివే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే సెట్టింగుల ఫైళ్ళను అది చదవదు, పాత సైటును తెచ్చి పెట్టగానే హోమ్ పేజీ వచ్చి మిగతా లింకులన్నీ 404 (పేజీ లేదు) అంటే కారణం అదే. ఓపెన్ లైట్‌స్పీడ్ ఆ ఫైళ్ళలోని, లింకుల దారి మార్చే రీరైట్ నియమాల వరకు అర్థం చేసుకుంటుంది. స్టాటిక్ సైటు ఒక్కటే ఉంటే కాడీ పెట్టుకోండి, ఎస్‌ఎస్‌ఎల్ (సైటుకూ చూసేవాళ్ళకూ మధ్య డేటాను రహస్యంగా ఉంచే సర్టిఫికెట్) అదే తెచ్చుకుంటుంది, సెటప్ నాలుగు లైన్లు. మీ మనిషికి ఏది బాగా వచ్చో అది వాడనివ్వండి, ఈ స్థాయి రద్దీలో వీటి మధ్య వేగం తేడా గురించి వాదించుకోవడం దండగ.

పీహెచ్‌పీ వెర్షన్ మీద మాత్రం రాజీ పడొద్దు. 7.4కు 2022 నవంబరులో, 8.0కు 2023 నవంబరులో, 8.1కు 2025 చివరితో భద్రతా సవరణలు ఆగిపోయాయి. పాత థీమ్ 7.4లోనే నడుస్తుందని అంటే మార్చాల్సింది థీమ్‌నే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు 8.3 గానీ ఆపైది గానీ పెట్టుకోండి.

ర్యామ్ ఎంత కావాలన్నది ఊహతో చెప్పేది కాదు, లెక్క ఉంది. 2 జీబీ వీపీఎస్ తీసుకున్నారనుకోండి. లైనక్స్, చిన్నాచితకా సర్వీసులు కలిపి 400 ఎంబీ దాకా పోతుంది, డేటాబేస్ నడిపే మరియాడీబీకో మైఎస్‌క్యూఎల్‌కో 500 ఇవ్వండి. మిగిలింది 1,100. నాలుగైదు ప్లగిన్లున్న వర్డ్‌ప్రెస్‌లో ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 60, 80 ఎంబీ తింటుంది, 80 అనుకుంటే పదమూడుకు మించి పట్టవు, కాస్త ఊపిరి ఆడాలి కాబట్టి పది అని పెట్టండి. ఎక్కడో ట్యుటోరియల్ చూసి ఆ పరిమితిని యాభై చేస్తే మామూలు రోజుల్లో ఏమీ తెలియదు, గరుడ సేవ రోజు మెమరీ నిండిపోతుంది, అప్పుడు లైనక్స్ ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ను చంపేస్తుంది, అది చాలాసార్లు డేటాబేసే అవుతుంది. తెల్ల పేజీ మీద డేటాబేస్ కనెక్షన్ కుదరలేదన్న ఒక్క లైను, ఫోన్‌లో "ఏం సామీ, మీ సైటు ఓపెనే కాలేదే" అన్న గొంతు. పరిమితి పది ఉంటే పదకొండోవాడు ఒకటి రెండు సెకన్లు ఆగుతాడు, అంతే. పైన పేజీ క్యాష్ పెట్టారంటే చాలామందికి పీహెచ్‌పీ దాకా వెళ్ళే పనే ఉండదు.

డేటాబేస్ దగ్గర తెలుగువాళ్ళు తప్పకుండా చూడాల్సింది క్యారెక్టర్ సెట్, అంటే అక్షరాలను దాచే పద్ధతి. యూటీఎఫ్8ఎంబీ4 అని ఉండాలి. పాత సర్వర్ల నుంచి వచ్చిన కొన్ని టేబుళ్ళు ల్యాటిన్1లో ఉంటాయి, అందులో "శ్రీనివాస" అని రాసి సేవ్ చేస్తే పేజీ మీద తొమ్మిది ప్రశ్నార్థకాలు కనపడతాయి, మనకు నాలుగక్షరాలైనా కంప్యూటర్‌కు ఒత్తులు, గుణింతాలు విడివిడిగా కలిపి తొమ్మిది కాబట్టి. అలా ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోయిన మాట మళ్ళీ రాదు. గజిబిజి విదేశీ అక్షరాలుగా కనపడితే మాత్రం చాలాసార్లు రాబట్టొచ్చు, కంగారులో ఏమీ మార్చకుండా తెలిసినవాడిని పిలవండి. మైఎస్‌క్యూఎల్‌లో ఉత్త యూటీఎఫ్8 అని ఉన్నదాంట్లో తెలుగు పడుతుంది గానీ ఎమోజీలు పట్టవు. భక్తులు రాసే రివ్యూల్లో దండం పెట్టే ఎమోజీ లేనిది ఉండదు. సైటు తెరిచిన మొదటిరోజే ఒక టెస్ట్ పోస్టులో కాస్త తెలుగు, ఒక ఎమోజీ వేసి సేవ్ చేసి చూడండి.

కంట్రోల్ ప్యానెల్‌గా సీప్యానెల్ అందరికీ అలవాటు, కానీ 2019లో వాళ్ళు ఖాతాల సంఖ్యను బట్టి ధర పెట్టాక ఒక్క సైటు కోసం దాన్ని కొనడం వీపీఎస్ కన్నా ఖరీదైన పని అయింది. హెస్టియా, సైబర్ ప్యానెల్, వర్చువల్‌మిన్ ఉచితం. ప్యానెల్ పేజీ పోర్టును అందరికీ తెరిచి పెట్టకండి, లాగిన్‌కు పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీ వాడమని మీ మనిషికి చెప్పండి.

ఎస్‌ఎస్‌ఎల్‌కు డబ్బు కట్టొద్దు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచితంగా ఇస్తుంది, దానంతట అదే రెన్యూ అవుతుంది. ఏడాదికోసారి వచ్చి సర్టిఫికెట్ మార్చి డబ్బు తీసుకునే పద్ధతికి ఎలాగూ కాలం చెల్లింది, 2029 మార్చికల్లా ఏ సర్టిఫికెట్ అయినా 47 రోజులకు మించి చెల్లకూడదని 2025లోనే నిర్ణయం జరిగింది.

లాడ్జి వాళ్ళకు ప్రత్యేకంగా

రూము బుక్ చేసేటప్పుడే ఆధార్ ఫోటో సైటులో ఎక్కించమని అడిగే ఫారాలు తిరుపతి లాడ్జీల సైట్లలో ఉంటాయి. ఆ ఫోటోలు మామూలు అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడితే లింకు తెలిసినవాడెవడైనా తెరవగలడు, డైరెక్టరీ లిస్టింగ్ తెరిచి ఉంటే లింకు కూడా తెలియక్కర్లేదు, బ్రౌజర్‌లో ఫోల్డర్ అడ్రసు కొడితే వందల మంది ఆధార్‌లు వరుసగా కనపడతాయి. మీ సైటు అప్‌లోడ్స్ అడ్రసు ఇప్పుడే కొట్టి చూడండి. ఫైళ్ళ పేర్లు కనపడితే ఈరోజే ఆ లిస్టింగ్ మూయించండి. అంతకన్నా మంచిది, ఆ ఫారమే తీసేసి గుర్తింపు కార్డు కౌంటర్ దగ్గర చూడటం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అవసరానికి మించి వివరాలు తీసుకోవద్దనే అంటోంది. ఆన్‌లైన్ చెల్లింపులు కూడా అంతే, కార్డు వివరాలు మీ సర్వర్ మీదికి రాకూడదు, పేమెంట్ గేట్‌వే పేజీలోనే జరిగిపోవాలి. ఖాతా తెరిచేటప్పుడు వాళ్ళు రీఫండ్ పాలసీ, కాంటాక్ట్, నిబంధనల పేజీలు అడుగుతారు, ముందే రాసి పెట్టుకోండి.

మెయిల్ సంగతి

బుకింగ్ ఫారం నింపితే మెయిల్ రాలేదన్నది నాకు అన్నిటికన్నా ఎక్కువ వచ్చే కంప్లయింటు. సర్వర్ మీదే మెయిల్ నడపొద్దు. చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ బయటికి వెళ్ళే 25వ పోర్టు మూసే ఇస్తాయి, తెరిపించినా మీ సర్వర్ ఐపీ అడ్రసుకు పాత అద్దెదారుడి చెడ్డపేరు అంటుకుని ఉండొచ్చు. మెయిల్ కోసం జోహో మెయిల్, గూగుల్ వర్క్‌స్పేస్ లాంటిది విడిగా తీసుకోండి, సైటులోని ఫారాన్ని ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే పద్ధతి) ద్వారా దాంతో కలపండి, డీఎన్‌ఎస్‌లో (డొమైన్ ఏ సర్వర్‌కు వెళ్ళాలో చెప్పే పట్టీలో) మెయిల్ మీదేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ పెట్టించండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంది, ఇవి లేకపోతే స్పామ్‌లోకైనా పోతుంది, అసలు చేరకనైనా పోతుంది.

బ్యాకప్, ఆ తర్వాత మారడం

కంపెనీ తీసే బ్యాకప్ ఉండనివ్వండి, మీ కాపీ ఒకటి వాళ్ళ సర్వర్ బయట ఉండాలి. వర్డ్‌ప్రెస్‌లో అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్ వారానికోసారి గూగుల్ డ్రైవ్‌లోకి పంపుతుంది. పంపుతోంది కదా అని వదిలేయకుండా, ఒకసారి ఆ కాపీని ఒక సబ్‌డొమైన్ మీద పెట్టి సైటు లేస్తుందో లేదో చూడండి. అలా చూడని బ్యాకప్‌ను ఉన్నట్టు లెక్క వేయకండి. అప్‌టైమ్ రోబో లాంటి సర్వీసులో మీ సైటు పెట్టారంటే పడిపోయిన కొద్ది నిమిషాల్లో మీకే కబురొస్తుంది, గిరాకీ ఫోన్ చేసి చెప్పేదాకా ఆగక్కర్లేదు.

ఇప్పటికే ఒకచోట ఉండి మారాలనుకునేవాళ్ళు పండగలు, సెలవులు లేని వారం చూసుకోండి. రెండు రోజుల ముందే డీఎన్‌ఎస్‌లో టీటీఎల్‌ను (పాత సర్వర్ అడ్రసును నెట్ గుర్తుపెట్టుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించండి. కొత్త సర్వర్ మీద సైటు మొత్తం పెట్టి, తెలుగు అక్షరాలు, ఫారాలు, పేమెంట్ అన్నీ చూసుకున్నాకే రికార్డు మార్చండి, మంగళవారమో బుధవారమో పొద్దున అయితే మంచిది, ఏదైనా తేడా వస్తే సపోర్ట్ వాళ్ళు దొరుకుతారు. పాత ప్లాన్‌ను ఆరోజే రద్దు చేసేయకండి, ఒక పదిరోజులు అలాగే ఉంచండి. ముఖ్యంగా మీ మెయిల్ డబ్బా పాత హోస్టింగ్‌లోనే ఉంటే, సైటు బాగానే నడుస్తోంది కదా అని ఖాతా మూసిన నిమిషంలో అన్నేళ్ళ మెయిళ్ళూ పోతాయి. ముందు వాటిని ఐమ్యాప్‌తో కొత్త మెయిల్‌లోకి లాగేసుకుని, రెండు మూడు పాత బుకింగుల మెయిళ్ళు తెరిచి చూసుకుని, ఆ తర్వాత రద్దు బటన్ నొక్కండి.